భూతం భూతకాలంలోకి వెళ్లేదాకా

మా పిన్ని కొడుకు బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తాడు. మూడేళ్ల కిందట ఒక రాత్రి పని ముగించుకుని ఇంటికి వస్తుంటే హోసూరు రోడ్డు మీద లారీ ఒకటి అతని బైకును రాసుకుంటూ వచ్చింది. పడిపోయాడు. లారీ వెనక చక్రం అతని హెల్మెట్‌కు జానెడు దూరంలో ఆగింది. కాలు విరిగింది. మూడు నెలల్లో ఎముక అతుక్కుంది, మళ్లీ ఆఫీసుకు వెళ్లాడు. గండం గడిచిందని పిన్ని మదనపల్లెలో కొబ్బరికాయ కొట్టింది.

గండం మాకు గడిచింది కానీ అతనికి గడవలేదు. బస్సులో కూర్చున్నా సరే, లారీ హారను వినిపిస్తే ముందు సీటు కడ్డీని రెండు చేతులతో బిగించి పట్టుకునేవాడు. ఎక్కడైనా రబ్బరు కాలిన వాసన తగిలితే చొక్కా తడిసిపోయేది. హోసూరు రోడ్డును తప్పించుకోవడానికి క్యాబ్ ఎక్కి బన్నేరుఘట్ట రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వచ్చేవాడు. నలభై నిమిషాలు ఎక్కువ పట్టేది. రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చునేవాడు. జడుసుకున్నాడని పిన్ని తాయెత్తు కట్టించింది. అదీ కట్టుకున్నాడు.

ఏమయిందని అడిగితే చెప్పేవాడు. చెప్పే తీరే వింతగా ఉండేది. “లారీ వస్తోంది అక్కా. చక్రం దగ్గరికి వచ్చేస్తోంది. లేవలేకపోతున్నాను.” ఏడాది దాటిన సంగతి అది, కానీ క్రియలన్నీ వర్తమానంలోనే ఉండేవి.

గడిచిన కాలాన్నీ పట్టి పీడించే దయ్యాన్నీ తెలుగులో ఒకే మాటతో పిలుస్తాం, భూతం అని. బడిలో వ్యాకరణం చదివేటప్పుడు భూతకాలం అనగానే వెనక బెంచీవాళ్లు నవ్వేవాళ్లు. మా తమ్ముడిని చూశాక నాకు ఆ నవ్వు రాలేదు. జరిగిపోయింది జరిగిపోయినట్టుగా ఒక మూల పడి ఉంటే అది కాలం. అలా పడి ఉండకపోతే అది రెండో అర్థంలో భూతమే.

అతనికి పనికొచ్చిన చికిత్స పేరు ఈఎండీఆర్. పూర్తిగా చెప్పాలంటే ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. బాధపెట్టే సంఘటనను మనసులో పెట్టుకుని, చికిత్సకుడి వేళ్లు కదిలినట్టల్లా కళ్లను అటూ ఇటూ కదిలించడం అందులో ముఖ్యంగా కనిపించే పని. మొదటిసారి విన్నప్పుడు నాకు దర్గా దగ్గర నెమలీకల కట్టతో తల నిమిరే ఫకీరు గుర్తుకొచ్చాడు. డిగ్రీలున్నవాళ్లు కూడా ఇలాంటివి చేస్తారా అనుకున్నాను. ఆ అనుమానంతోనే చదవడం మొదలుపెట్టాను. తమ్ముడు తన సంగతులు రాయడానికి ఒప్పుకున్నాడు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఈ చికిత్స పుట్టిన కథ వింటే అనుమానం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. 1987లో ఫ్రాన్సీన్ షపీరో అనే అమెరికన్ పరిశోధక విద్యార్థిని పార్కులో నడుస్తూ, తనను కలవరపెడుతున్న ఆలోచనలు ఉన్నట్టుండి మెత్తబడటం గమనించింది. ఆ సమయంలో తన కళ్లు వాటంతట అవే చకచకా అటూ ఇటూ కదులుతున్నాయని అనిపించింది. కావాలని మళ్లీ అలా కదిలించి చూసుకుంది, తెలిసినవాళ్ల మీద ప్రయత్నించింది. 1989లో 22 మందితో చేసిన అధ్యయనం ప్రచురించింది. ఒక్క విడత చికిత్సతోనే వాళ్ల బాధ బాగా తగ్గిందని అందులో రాసింది. ఒక్క మనిషి, చిన్న గుంపు, పెద్ద ఫలితం. శాస్త్రవేత్తలు కనుబొమలు ఎగరేశారంటే వాళ్ల తప్పేమీ లేదు. జరిగిపోయిన ఘోరం మనసును ఇలా వదలకుండా పట్టుకోవడాన్ని పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు. ఆ జబ్బు పేరే అమెరికా మానసిక వైద్యుల పట్టికలో చేరి అప్పటికి తొమ్మిదేళ్లే అయింది. 1980 వరకు దానికి అధికారికంగా ఆ పేరు కూడా లేదు.

షపీరో తన పద్ధతికి చెప్పుకున్న వివరణ మనకు సులువుగానే అర్థమవుతుంది. కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటే ఒళ్లు తనంతట తానే గాయం మాన్పుకుంటుంది. ముల్లు లోపల విరిగిపోతేనే చిక్కు. పైన చర్మం కలిసిపోయినా అడుగు వేసినప్పుడల్లా సలుపుతుంది. మనసుకూ జరిగినదాన్ని జీర్ణం చేసుకునే శక్తి సహజంగానే ఉంటుందనీ, భయం మితిమీరినప్పుడు ఆ పని మధ్యలో ఆగిపోతుందనీ, ఆగిన పనిని తిరిగి కదిలించడమే చికిత్స అనీ ఆమె వాదన. ఇది నిరూపితమైన శరీరశాస్త్రం కాదు, ఒక ఊహాచిత్రం. అయినా ఒక నిజాన్ని బాగానే పట్టుకుంది. మామూలు జ్ఞాపకం అరుగుతుంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మీకు గుర్తుండవచ్చు, ఆ రోజు గదిలో ఏం వాసన వచ్చిందో గుర్తుండదు. గాయపడ్డ జ్ఞాపకంలో వాసన, శబ్దం, గుండెదడ పచ్చిగా ఉంటాయి. వాటికి తేదీ ఉండదు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా గంట కొడుతూనే ఉంటుంది. ఇది ఎప్పటిది, ఎక్కడిది అని సందర్భం చూపించే హిప్పోక్యాంపస్ మాట అక్కడ చెల్లదు. అందుకే రబ్బరు వాసన రాగానే మా తమ్ముడికి ప్రమాదం గుర్తుకొచ్చేది కాదు, ప్రమాదమే వచ్చేది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. భయంకరమైన సంఘటన చూసినవాళ్లందరికీ ఈ జబ్బు రాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవారు 4,43,366 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో చాలామంది కొన్ని వారాలు ఉలిక్కిపడి, పీడకలలు కని, నెమ్మదిగా కుదుటపడి ఉంటారు. అది మనసు చేసుకునే సొంత వైద్యం. లక్షణాలు నెల దాటినా తగ్గకుండా, బతుకు దారినే మళ్లిస్తుంటే అప్పుడు పీటీఎస్‌డీ గురించి ఆలోచించాలి. మా తమ్ముడి విషయంలో ఆ దారి అక్షరాలా మళ్లింది, బన్నేరుఘట్ట రోడ్డు వైపు.

బీటీఎం లేఅవుట్‌లో ఒక మేడ మీది గది. చికిత్సకురాలి కుర్చీ అతని కుర్చీకి ఎదురుగా లేదు, కాస్త పక్కకు, అటుదిక్కుగా ఉంది. ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు పక్కపక్కన బండ్లు ఆపి మాట్లాడుకున్నట్టు ఉందట. మొదటి రెండుసార్లూ ఆమె వేలు ఎత్తనే లేదు. నిద్ర గురించి, చిన్నతనం గురించి, తాగుడు అలవాటుందా, మూర్ఛ వచ్చిందా, ఉన్నట్టుండి తాను ఎక్కడున్నదీ తెలియకుండా పోతుందా అని అడిగింది. తర్వాత ప్రశాంతంగా అనిపించే చోటును తలచుకోమంది. అతను ఊరి చెరువు గట్టు మీది చింతచెట్టును ఎంచుకున్నాడు. భరించలేకపోతే చెయ్యి ఎత్తితే చాలు, వెంటనే ఆపేస్తానంది. “రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారనుకోండి. బయట ఏవేవో వచ్చి పోతుంటాయి. మీరు పెట్టెలోనే ఉంటారు” అని చెప్పింది. ఈఎండీఆర్‌కు మొత్తం ఎనిమిది దశలు. కళ్లు కదిలించే పని నాలుగో దశలో గానీ మొదలుకాదు. బయటివాళ్లం ఆ ఒక్క దశనే చూసి చికిత్స అంతా అదే అనుకుంటాం.

మూడోసారి వెళ్లినప్పుడు ఆ సంఘటనలో అన్నిటికన్నా చెడ్డ దృశ్యం ఏదని అడిగింది. చక్రం, అన్నాడు. దాన్ని చూస్తుంటే మీ గురించి మీకు ఏమనిపిస్తుంది అంది. ఆఫీసు అలవాటు కొద్దీ ఇంగ్లీషులో జవాబిచ్చాడు, నేను నిస్సహాయుణ్ని అనే అర్థం వచ్చేలా. బాధ 0 నుంచి 10 వరకు ఎంత అంటే 5 అన్నాడు. ఆమె కన్నడిగురాలు, తెలుగు అర్థమవుతుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆ భాషలో చెప్పి చూడండి అంది. “నా చేతిలో ఏమీ లేదు” అన్నాడు. అన్నాక గొంతు పట్టేసింది. బాధ 9కి పోయింది. ఇంగ్లీషులో చెప్పినప్పుడు అది ఎవరి సంగతో అన్నట్టు ఉందని తర్వాత నాతో అన్నాడు. బెంగళూరులో పగలంతా మరో భాషలో బతికే మనలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పడిపోయింది తెలుగులో అయితే లేవాల్సిందీ తెలుగులోనే కావచ్చు.

“నా చేతిలో ఏమీ లేదు” అన్నదానికి బదులు ఏది నిజమనిపిస్తే బాగుండును అని కూడా అడిగింది. “అయిపోయింది, బయటపడ్డాను.” ఆ మాట ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7 వరకు చెప్పమంటే 2 అన్నాడు. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందంటే రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు ఆమె రెండు వేళ్లు ఎత్తి అతని ముఖానికి మూరెడు దూరంలో అటూ ఇటూ కదిలించింది. తల కదపకుండా కళ్లతోనే అనుసరించాలి. సుమారు అర నిమిషం. ఆపి, ఊపిరి తీసుకోమని, “ఇప్పుడు ఏం వస్తోంది?” అంది. రబ్బరు వాసన. “దానితోనే వెళ్లండి.” మళ్లీ వేళ్లు. హెల్మెట్ అద్దం మీద పసుపు దీపం. మళ్లీ వేళ్లు. ఎక్కడినుంచో ఏడేళ్ల వయసులో సైకిలు నేర్పుతూ నాన్న కసిరిన కసురు. అది ఎందుకు వచ్చిందో అతనికి తెలియదు. ఆమె విడమరచి చెప్పనూ లేదు.

నాలుగోసారో ఐదోసారో జరిగింది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. చక్రం వస్తోంది, వస్తోంది, అంటూ ఉన్నవాడు ఒక్కసారి “ఆగింది” అన్నాడు. లారీ ఆగిన సంగతి అతనికి తెలియదని కాదు. ఇన్సూరెన్సు కాగితాల్లో తానే రాసి సంతకం పెట్టాడు. కానీ అతని లోపల తిరుగుతున్న బొమ్మ మాత్రం ఎప్పుడూ చక్రం ఆగడానికి ఒక క్షణం ముందే తెగిపోయి మళ్లీ మొదటికి వచ్చేది. ఏడాదిన్నరగా అతని జ్ఞాపకంలో లారీ ఆగలేదు. ఆ రోజు ఆగింది. తర్వాతి విడతలో ఎవరో పరుగున వచ్చి రెండు అరచేతులతో తన తల పట్టుకోవడం, “ఏమీ కాలేదు” అని ఏదో భాషలో అనడం గుర్తుకొచ్చాయి. అది నిజంగా జరిగిందో లేదో మాకు తెలియదు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఈఎండీఆర్ మరుగున పడిన నిజాలను తవ్వితీసే పార కాదు. చికిత్సలో తోచినదాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఇంతకీ వేళ్లు ఎందుకు? కూర్చోబెట్టి మాట్లాడించినా, చక్రాన్ని తలచుకోమన్నా ఇదే జరిగేది కదా? ముప్పై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇదే. భయపెట్టేదానికి భద్రమైన చోట ఎదురు నిలిస్తే భయం తగ్గుతుందన్నది ఈఎండీఆర్‌కు ముందునుంచీ ఉన్న జ్ఞానం. హార్వర్డ్‌కు చెందిన రిచర్డ్ మెక్‌నాలీ వంటి విమర్శకులు దీన్ని నిర్దాక్షిణ్యంగానే తీసిపారేశారు. ఇందులో పనిచేసేది కొత్తది కాదు, కొత్తది పనిచేసేది కాదు అన్నది వాళ్ల వాదన సారాంశం. 2003లో గెరాల్డ్ రోజెన్, గెరాల్డ్ డేవిసన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక ఊదారంగు టోపీ కథ కల్పించారు. బండి నడపడానికి భయపడేవారికి పాత చికిత్సే చేస్తూ, నెత్తిన ఊదారంగు టోపీ పెట్టి, దానికి టోపీ చికిత్స అని పేరు పెడితే ఎలా ఉంటుందని అడిగారు. రోగికి నయమవుతుంది, పేరు టోపీకి వస్తుంది. మన నెమలీకల కట్టకు వాళ్ల టోపీ దూరపు చుట్టమే.

ప్రయోగాలు రెండు వైపులా మాట్లాడాయి. కళ్లు కదిలించినా కదిలించకపోయినా ఫలితంలో తేడా లేదని 2001లో డేవిడ్‌సన్, పార్కర్‌ల సమీక్ష తేల్చింది. 2013లో లీ, క్వైపర్స్ 26 ప్రయోగాలను కలిపి చూసి తేడా ఉందన్నారు. నాకు ఎక్కువగా నచ్చిన వివరణ నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలల నుంచి వచ్చింది. మార్సెల్ వాన్ డెన్ హౌట్, ఐరిస్ ఎంగల్‌హార్డ్ ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. వాళ్ల మాటను వంటింట్లోకి తీసుకొస్తే ఇలా ఉంటుంది.

మీ పొయ్యి దగ్గర ఒక చిన్న గట్టు ఉందనుకోండి. ఒకేసారి రెండు గిన్నెలే పడతాయి. మనసులో ఈ క్షణం కదలాడే సంగతులకూ అంతే చోటు ఉంది, దాన్ని క్రియాశీల స్మృతి అంటారు. ఫోనులో మాట్లాడుతూ పోపు పెడితే మాడుతుంది ఎందుకంటే ఆ గట్టు ఇరుకు. పాత జ్ఞాపకాన్ని తలచుకోవాలంటే దాన్ని ఆ గట్టు మీదికి తేవాలి. అదే సమయంలో కళ్లు వేళ్లను వెంబడించాలంటే గట్టులో సగం దానికి పోతుంది. మిగిలిన చోటులో జ్ఞాపకం పూర్తిగా పరుచుకోలేదు, రంగు తగ్గి, అంచులు మసకబారి కనిపిస్తుంది. పని ముగిశాక అలా మసకబారిన రూపంలోనే తిరిగి అటకెక్కుతుంది. జ్ఞాపకం తలపుకు వచ్చినప్పుడల్లా కాసేపు మెత్తబడి మళ్లీ గట్టిపడుతుందని 2000లో ఎలుకల మీద కరీమ్ నాడర్, జోసెఫ్ లెడూ బృందం చూపించిన సంగతి కూడా దీనికి కాస్త ఊతమిస్తుంది.

ఈ వివరణ నిజమైతే కళ్లే కదపాల్సిన పని లేదు, గట్టును ఆక్రమించే ఏ పనైనా చాలాలి. నిజంగానే, వెనక్కి లెక్కపెట్టించడం వంటివి కూడా జ్ఞాపకపు పదును తగ్గించాయి. చెవుల్లో మార్చి మార్చి వినిపించే శబ్దాలను చాలామంది చికిత్సకులు వాడుతారు. పెద్దగా శ్రమపెట్టవు కాబట్టి కళ్ల కదలికంత పని అవి చేయలేదు. ఇంకో విచిత్రం, మంచి జ్ఞాపకాలను తలచుకుంటూ కళ్లు తిప్పినా అవీ వెలిసిపోయాయి. మీ పెళ్లినాటి ముచ్చట్లు నెమరేసుకునేటప్పుడు కళ్లు కుదురుగా పెట్టుకోండి.

పోటీ వివరణలూ ఉన్నాయి. కలలు వచ్చే నిద్రలో కనుగుడ్లు కదులుతాయి కదా, ఆ దశలో జ్ఞాపకాలు సర్దుకునే యంత్రాంగాన్నే ఇది కదిలిస్తుందేమోనని 2002లో నిద్ర పరిశోధకుడు రాబర్ట్ స్టిక్‌గోల్డ్ ఊహించాడు. వినడానికి ఇంపుగా ఉంది, నిరూపణ మాత్రం పలుచన. 2019లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు భయపెట్టిన ఎలుకలకు కాంతిని అటూ ఇటూ మార్చి చూపించారు. భయంతో బిగుసుకుపోవడం తగ్గింది. కంటి కదలికలను నడిపే మెదడు భాగం నుంచి అమిగ్డలాను అదుపు చేసే దారి ఒకటి పట్టుకుని ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. ఎలుక హోసూరు రోడ్డు మీద బండి నడపదు, నిజమే. కానీ ఎలుకకు టోపీని నమ్మే అవకాశమూ లేదు.

ఇరుకు గట్టు వివరణ నాకు నచ్చిందన్నాను కానీ, అదీ పూర్తిగా సరిపోదు. చక్రం ఎందుకు మసకబారిందో అది చెబుతుంది. లారీ ఎందుకు ఆగిందో, అంటే తెగిపోయిన కథ తన చివరను తానే ఎలా వెతుక్కుందో చెప్పదు. మంట తగ్గాక చూపు నిలిచిందనీ, చూపు నిలిచాక మిగతాది కనిపించిందనీ నా ఊహ.

ఎలా పనిచేస్తుందన్న తగవు తీరకపోయినా, పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు వచ్చింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీ ఉన్న పెద్దలకూ పిల్లలకూ సిఫారసు చేసిన చికిత్సల్లో ఈఎండీఆర్ ఉంది. 2018లో ఏ జబ్బుకు ఏ చికిత్స వాడాలో సూచించే బ్రిటన్ సంస్థ నైస్ కూడా పెద్దలకు దీన్ని సూచించింది, యుద్ధరంగంలో తగిలిన గాయాలను మాత్రం మినహాయించి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2017లో కాస్త వెనుకంజ వేసింది. గాయం మీద దృష్టిపెట్టి చేసే ప్రవర్తనా చికిత్సలను గట్టిగా సిఫారసు చేసి, దీన్ని షరతులతో సూచించింది. అవి, ఇది దాదాపు సమఉజ్జీలని నా అభిప్రాయం. ఎవరికి ఏది చేతికి అందితే అది మంచిది.

మనవాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాల్సిన పని లేదు, ఇంటికి వెళ్లి రాసుకురావాల్సిన పాఠాలూ లేవు. లోపల చూసుకుంటూ, మధ్యమధ్య ఒకటి రెండు మాటలు చెబితే చాలు. చిన్నతనంలో ఎవరో చేసిన చెడ్డపని గురించి నోరు విప్పలేక, పరువు బరువుతో కుంగిపోతున్నవారికి ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు. అయితే అలా ఏళ్ల తరబడి సాగిన హింసకు ఐదారు విడతలు చాలవు. ముందు మనిషి నిలదొక్కుకోవాలి, అందుకే చాలా కాలం పడుతుంది. మా తమ్ముడిది ఒకే రాత్రి తగిలిన దెబ్బ, తొమ్మిది విడతల్లో తేలిపోయింది. నైస్ చెప్పిన ఎనిమిది నుంచి పన్నెండు విడతల లెక్కలోనే ఉంది.

నన్ను భయపెట్టేది వేరొకటి. తెర మీద చుక్క అటూ ఇటూ పరిగెత్తే వీడియోలు ఫోనులో కుప్పలుగా దొరుకుతాయి. ఒంటరిగా గదిలో కూర్చుని, అన్నిటికన్నా చెడ్డ జ్ఞాపకాన్ని తవ్వుకుని, ఆపే చెయ్యి లేకుండా ఆ చుక్క వెంట పడటం ప్రమాదకరం. ముల్లు తీయబోయి లోపలికి తోసుకోవడం అంటే ఇదే. సరిగ్గా జరిగే చికిత్సలో కూడా విడతల మధ్య రోజుల్లో కలలు ఎక్కువ కావచ్చు, ఏడుపు రావచ్చు. మా తమ్ముడు రెండో వారం మానేస్తానన్నాడు. బెంగళూరులో చికిత్సకుల బోర్డులకు కొదవ లేదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉంటుంది. అది అడగండి, ఈఎండీఆర్ శిక్షణ ఎక్కడ పొందారో అడగండి. అడిగినందుకు చిన్నబుచ్చుకునేవారి దగ్గర నుంచి లేచి రండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ఫోనులో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, తెలుగులోనూ మాట్లాడతారు. దాన్ని వెనకనుండి నడిపించే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉన్నది ఈ హోసూరు రోడ్డు మీదే. తప్పించుకు తిరిగినన్నాళ్లూ మా తమ్ముడు ఆ గేటు ముందు నుంచి కూడా వెళ్లలేదు.

ఇప్పుడు వెళుతున్నాడు, బైకు మీదే. మొన్న సంక్రాంతికి మదనపల్లెలో పిల్లలు చుట్టూ చేరి కాలి మీద మచ్చ ఏమిటని అడిగారు. “లారీ తగిలింది. పడ్డాను. చక్రం ఇక్కడిదాకా వచ్చి ఆగింది” అని జానెడు దూరం చేత్తో చూపించాడు. పిన్ని వంటింట్లోంచి వింటూ అరిసెలు తిప్పడం మరిచిపోయింది.

తిరుగు ప్రయాణంలో కారులో అడిగాను, చక్రాన్ని తలచుకుంటే ఇప్పుడు పదికి ఎంత అని.

“ఒకటి.”

“సున్నా కాలేదా?”

“హోసూరు రోడ్డు మీద సున్నా ఎవరికి ఉంటుంది అక్కా?”